ఫ్లాట్‌ప్యాక్ సామానుకు ముందు అంచులు, తర్వాతే అలంకారం

పలకలుగా విడదీసి అట్టపెట్టెలో పంపే పుస్తకాల అరలు, చెప్పుల స్టాండ్లు, సొరుగుల బల్లలు ఇప్పుడు మన జిల్లాల్లోని చిన్న ఊళ్ళకు కూడా కొరియర్ బండిలో వచ్చి దిగుతున్నాయి. 2018 ఆగస్టులో ఐకియా సంస్థ మన దేశంలో తన తొలి దుకాణాన్ని హైదరాబాదులో తెరిచింది. ఆ తర్వాత ఈ రకం సామాను గురించి మన వైపు ఇళ్ళలోనూ మాట వినిపించడం పెరిగింది. కొనడానికి చవక, బిగించుకోవడం ఒక పూట పని, ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకువెళ్ళవచ్చు. అన్నీ నిజమే. అయితే నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని అపార్ట్‌మెంటుకైనా, కొత్తపట్నంలో సముద్రపు హోరు వినిపించే ఇంటికైనా వచ్చేది అదే తెల్లటి పలక, అవే మరలు, వాటిని తిప్పే అదే అలెన్ కీ. మన ఇళ్ళలో రోజూ పెట్టే తడిగుడ్డ గురించి గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన తీరం మీద కురిపించే వాన గురించి గానీ ఆ పలకకు తెలియదు. కాబట్టి రంగు వేయాలన్నా, పిడులు మార్చాలన్నా, తలుపులకు బట్ట బిగించాలన్నా, అంతకంటే ముందు దాన్ని నీటి నుంచి కాపాడే పని జరగాలి.

ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం ఇంటికి తెచ్చిన ఒక పుస్తకాల అరకు సెప్టెంబరులో ఎంతో శ్రద్ధగా పసుపు రంగు వేశాను. దీపావళి దాటి వానలు ముదిరేసరికి దాని రెండు పక్క పలకలూ నేలను తాకే చోట నానిన అటుకుల్లా ఉబ్బాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడింది. పైన నేను వేసిన రంగు మాత్రం చెక్కుచెదరలేదు. కనిపించే ముఖాలన్నింటికీ రంగు పూసి, కనిపించని అడుగు అంచును పచ్చిగా వదిలేశాను. నీరు ఆ దారినే ఎక్కింది.

పలక లోపల ఏముంది

చవక సామానులో ఎక్కువ భాగం పార్టికల్ బోర్డు. ప్రకాశం జిల్లా మెట్ట పొలాల్లో పెంచే జామాయిల్, సుబాబుల్ వంటి కలపను చిన్న ముక్కలుగా, పొట్టుగా కొట్టి, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కలిపి, వేడి మీద గట్టిగా అదిమితే ఈ పలక తయారవుతుంది. పైనా కిందా మెలమైన్ పూసిన కాగితం అతికిస్తారు. ఆ కాగితం ఉన్నంత మేర నీరు లోపలికి పోదు. ముందు అంచుకు ఎడ్జ్ బ్యాండు అనే పల్చటి అంచు టేపు అంటించి ఉంటుంది. కానీ అడుగు అంచుకూ, వెనక అట్ట కూర్చునే గాడికీ, తలుపు బిగించే హింజ్ గుంటలకూ, వైర్ల కోసం చేసిన రంధ్రాలకూ చాలాసార్లు ఏ రక్షణా ఉండదు. నీరు తగిలినప్పుడు అదిమి ఉంచిన ముక్కలు మళ్ళీ తమ పాత పరిమాణానికి సాగుతాయి, వాటి మధ్య జిగురు పట్టు తెగిపోతుంది. ఎండిన తర్వాత ఆ పలక మునుపటి మందానికి తిరిగి రాదు. ఎండలో పెట్టి బాగుచేయవచ్చని చెప్పేవారి మాట నమ్మకండి.

మీ దగ్గరున్నది పార్టికల్ బోర్డో, కలప నారను మెత్తగా చేసి అదిమిన ఎండీఎఫ్ పలకో తెలుసుకోవాలంటే ఏదైనా మర రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. పొట్టు ముక్కలు వేరువేరుగా కనిపిస్తే పార్టికల్ బోర్డు, నున్నగా ఒకే రంగు పిండిలా కనిపిస్తే ఎండీఎఫ్. కింద చెప్పే పనులన్నీ రెండింటికీ వర్తిస్తాయి. ఎండీఎఫ్‌కు అంచు మీద రంగు నున్నగా పడుతుంది, పార్టికల్ బోర్డు అంచుకు మాత్రం ముందుగా లప్పం కావాలి.

బిగించక ముందు చేయవలసిన పని

పెట్టె విప్పగానే బిగించడం మొదలుపెట్టకండి. ముక్కలన్నింటినీ ఒక చాప మీద పరిచి, సూచనల కాగితంలో ఉన్న అంకెలను వాటి లోపలి వైపు పెన్సిల్‌తో రాయండి. తర్వాత అంచు టేపు లేని ప్రతి అంచునూ వేలితో తడిమి గుర్తించండి. పొడి పొడిగా, గరుకుగా తగిలిన చోటల్లా నీటికి దారి ఉన్నట్టే.

వాటిలో బయటికి కనిపించని అంచులను 180 నంబరు ఎమరీ పేపరుతో తేలికగా రుద్ది, దుమ్ము పూర్తిగా తుడిచి, పాలియురెథేన్ వార్నిష్ పూయాలి. మొదటి పూతను పలక క్షణాల్లో పీల్చేసుకుంటుంది, పూసిన జాడ కూడా ఉండదు. అది చూసి కంగారు పడనక్కర్లేదు, ఆ పీల్చుకోవడమే మనకు కావలసింది. ఒక రోజు ఆగి రెండో పూత, మరొక రోజు ఆగి మూడో పూత వేస్తే అంచు గాజులా గట్టిపడి, చేతికి నున్నగా తగులుతుంది. తెల్లటి మామూలు ఫెవికాల్‌ను నీళ్ళలో కలిపి పూస్తే చాలని కొందరు అంటారు. ఆ జిగురు ఎండిన తర్వాత కూడా నీటికి మెత్తబడుతుంది కాబట్టి నేల దగ్గరి అంచులకు అది సరిపోదు.

హింజ్ గుంటలకు, వైర్ల రంధ్రాలకు చెవిలో పెట్టుకునే దూది పుల్లను వార్నిష్‌లో ముంచి లోపలి గోడల చుట్టూ తిప్పండి. అయితే పలకలను కలిపే చిన్న గుండ్రటి చెక్క పుల్లలు, అంటే డౌల్స్, దూర్చే రంధ్రాలను మాత్రం వదిలేయాలి. వాటికి వార్నిష్ పడితే తర్వాత జిగురు పట్టదు.

కనిపించే అంచులకు వార్నిష్ మీద కాకుండా పచ్చి అంచు మీదే ఎడ్జ్ బ్యాండు అతికించడం మంచిది. నెల్లూరు చిన్నబజారులోనో, ఒంగోలు ట్రంకు రోడ్డులోనో ప్లైవుడ్, హార్డ్‌వేర్ దుకాణాల్లో 22 మిల్లీమీటర్ల వెడల్పు గల పీవీసీ టేపు చుట్టలుగా దొరుకుతుంది, 18 మిల్లీమీటర్ల పలకకు అది సరిపోతుంది. టేపు వెనకా, అంచు మీదా రెండు వైపులా కాంటాక్ట్ జిగురు పల్చగా రాసి, వేలితో తాకితే అంటుకోని దశ వచ్చేదాకా పది పదిహేను నిమిషాలు ఆగాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. జిగురు తడిగా ఉండగా అతికిస్తే టేపు జారుతుంది, వారం తిరగకుండా చివర లేస్తుంది. ఆరిన తర్వాత ఒక చివర నుంచి మొదలుపెట్టి, చెక్క ముక్కతో గట్టిగా రుద్దుతూ అతికించండి. అది ఒకసారి తగిలితే కదలదు కాబట్టి మొదటి అంగుళం సరిగ్గా పడేలా చూసుకోండి. మిగిలిన అంచును పదునైన బ్లేడుతో, మొన బయటివైపు వాల్చి, ఒకే ఊపులో కోయాలి.

నేల నుంచి ఎత్తడం

ఏ మార్పూ చేయలేని వారు ఈ ఒక్కటైనా చేయాలని నా గట్టి అభిప్రాయం. పక్క పలకలే నేల మీద నిలబడేలా చేసిన అరలను కనీసం 3 అంగుళాలు పైకి ఎత్తాలి. అప్పుడు తడిగుడ్డ అంచుకు తగలదు, చీపురు కిందికి పోతుంది, చెదపురుగు మట్టి గూడు కడితే ముందే కంటపడుతుంది. జిగురు ఉంది కదా అని చెదలు పార్టికల్ బోర్డును వదిలిపెట్టవు. గోడకూ అరకూ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉంచడం కూడా ఇందుకే.

ఎత్తు సరిచేసుకునే ప్లాస్టిక్ కాళ్ళు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని నేరుగా అడుగు పలకకు బిగిస్తే, సామాను జరిపినప్పుడు మరలు ఊడివస్తాయి. ముందుగా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బద్దలను అడుగున జిగురుతో, మరలతో బిగించి, వాటి మీద కాళ్ళు అమర్చండి. పక్క పలకల సరిగ్గా కిందే కాళ్ళు వచ్చేలా చూడాలి, బరువంతా ఆ దారినే దిగుతుంది.

ఒంగోలు చుట్టుపక్కల వారికి ఇంకొక చక్కటి వీలుంది. చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా పోతుంది గానీ, కోత దగ్గర మిగిలిపోయే సన్న పట్టీలు మన ఊళ్ళలోనే గ్రానైట్ కోసే వారి దగ్గర గోడ వారగా పడి ఉంటాయి. 3 అంగుళాల వెడల్పు గల పట్టీలను పుస్తకాల అర కింది భాగం కొలతకు కోయించి, నిలువుగా పెట్టి నాలుగు వైపులా చట్రంలా అతికిస్తే నీరు పీల్చని పీఠం తయారవుతుంది. మూలల్లో ఎపాక్సీ జిగురు పెట్టండి. పీఠం మీద నాలుగు మూలలా పల్చటి రబ్బరు ముక్కలు వేసి అరను కూర్చోబెడితే చాలు, రెండింటినీ కలిపి అతికించనక్కర్లేదు.

గ్రానైట్ ముక్క చూడగానే దాన్ని బల్ల మీద పరచాలనిపించడం సహజం. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు 5 కిలోల పైమాటే తూగుతుంది. 2 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు గల వంటింటి ట్రాలీ మీద పరిస్తే 15 కిలోలు దాటుతుంది. నిలువు పలకల మీద ఆ బరువు నేరుగా పడే బల్లకు పరవాలేదు గానీ, చక్రాలున్న తేలికపాటి ట్రాలీకి అది తల బరువై, గడప తగిలితే తిరగబడుతుంది. అలాంటి చోట 4 మిల్లీమీటర్ల గాజు గానీ, సన్‌మైకా గానీ చాలు.

కీళ్ళు బిగువుగా ఉండాలంటే

ఈ సామాను ఊగడానికి ముఖ్య కారణం వెనక అట్ట. పల్చటి 3 మిల్లీమీటర్ల అట్టను చిన్న మేకులతో కొట్టి ఉంటారు. నిజానికి అర మూలలు వాలకుండా తిన్నగా నిలబడడానికి ఆధారం ఆ అట్టే. దాన్ని తీసేసి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను కొలతకు కోయించి, 6 అంగుళాలకు ఒక మర చొప్పున బిగిస్తే, చవక అర కూడా కదలకుండా నిలుస్తుంది. బిగించే ముందు ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపుతో కొలిచి, రెండో జత మూలలను కూడా అలాగే కొలవండి. రెండు కొలతలూ సమానమైతేనే అర సూటిగా ఉన్నట్టు. తేడా ఉంటే, ఎక్కువ కొలత వచ్చిన మూలల వైపు నుంచి తోసి సరిచేసి, అప్పుడు మరలు వేయండి.

సొంత ఇంట్లో ఉండేవారు డౌల్స్‌కు జిగురు పెట్టి బిగించుకోవచ్చు. అద్దె ఇళ్ళలో ఉండేవారు పెట్టకపోవడమే మేలు, ఎందుకంటే జిగురు పడిన కీలును విప్పబోతే పలకే విరుగుతుంది.

రెండు మూడుసార్లు విప్పి బిగించిన సామానులో మర రంధ్రాలు వదులైపోతాయి. దీనికి మా ఇంట్లో వాడే మందు పూజగదిలోనే ఉంది. అగరుబత్తి కాలిపోయాక మిగిలే అడుగు పుల్ల వెదురుది. అలాంటివి నాలుగైదు తీసుకుని, మసి లేని భాగాన్ని రంధ్రం లోతు మేరకు విరిచి, జిగురులో ముంచి, ఇక పట్టవు అనేదాకా రంధ్రంలో దూర్చండి. ఒక రోజు ఆరనిచ్చి, పైకి వచ్చిన కొసలను బ్లేడుతో కోసి, మధ్యలో సన్నటి రంధ్రం చేసి మర తిప్పితే కొత్త కలపలో దిగినట్టు బిగుస్తుంది. రంధ్రం మరీ పెద్దదైతే 8 మిల్లీమీటర్ల బిట్టుతో శుభ్రంగా తొలిచి, చెక్క డౌల్‌ను జిగురుతో దిగ్గొట్టి, దాని మీద కొత్త రంధ్రం చేయాలి. ఎక్కడైనా కొత్త మర వేసేటప్పుడు 4 మిల్లీమీటర్ల మరకు 3 మిల్లీమీటర్ల రంధ్రం ముందుగా చేయండి. డ్రిల్లు బిట్టుకు కావలసిన లోతు దగ్గర రంగు టేపు చుట్టుకుంటే పలక అవతలికి రంధ్రం పడదు.

సముద్రపు గాలి తగిలే ఊళ్ళవారు పెట్టెలో వచ్చిన ఇనుప మరలకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడాలి. మైపాడు, కొత్తపట్నం వంటి చోట్ల ఉప్పుగాలికి మామూలు మరలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన మర తల తర్వాత విప్పబోతే చెదిరిపోతుంది.

అర వంగిపోకుండా

పుస్తకాల బరువును తక్కువగా అంచనా వేస్తాం. ఒక అడుగు పొడవున నిలబెట్టిన పుస్తకాలు సుమారు 10 కిలోలు ఉంటాయి. 80 సెంటీమీటర్ల అర మీద పాతిక కిలోలు కూర్చుంటే, వేసవి నాటికే మధ్యలో దిగడం కనిపిస్తుంది. దీని లెక్క తెలిస్తే పరిష్కారం సులువు. ఒక్కో అడుగు పొడవుకు పడే బరువు అంతే ఉన్నప్పుడు, పలక మందాన్ని రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఆధారాల మధ్య దూరాన్ని సగం చేస్తే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. అంటే రెండో పలకను కింద అతికించడం కంటే మధ్యలో ఒక నిలువు పలక పెట్టడమే ఎక్కువ ఫలితమిస్తుంది, ఖర్చు కూడా తక్కువ. అయితే ఆ నిలువు ముక్కలు పై అర నుంచి అడుగు దాకా ఒకే వరసలో, ఒకదాని కింద ఒకటి రావాలి. అడుగు పలక కింద కూడా అదే చోట ఒక కాలు ఉండాలి. లేకపోతే పై అర బరువును తెచ్చి కింది అర నడుము మీద మోపినట్టవుతుంది.

నిలువు ముక్క అడ్డం అనుకుంటే, టింబరు డిపోలో అంగుళంన్నర ఎత్తు, అరంగుళం మందం గల టేకు బద్ద కోయించి, అర ముందు అంచుకు ఎత్తు వైపు నిలువుగా వచ్చేలా జిగురుతో అతికించి, రాత్రంతా క్లాంపులతో బిగించి ఉంచండి. అర గట్టిపడుతుంది, పైగా ముందు నుంచి చూసేవారికి మొత్తం టేకు అరలా కనిపిస్తుంది.

రంగు, పిడులు, తలుపులు

రంగు పనికి మన దగ్గర సంక్రాంతి వెళ్ళాక, శివరాత్రి దాకా ఉన్న రోజులు అన్నిటికంటే మంచివి. వానకాలంలో గాలిలోని తేమకు పూత ఆరదు. రోహిణి కార్తె ఎండల్లో మరీ త్వరగా ఆరి కుంచె గీతలు నిలిచిపోతాయి. చలికాలం ఉదయాల్లో మంచు పడుతుంది కాబట్టి పదింటి తర్వాత మొదలుపెట్టి మూడింటికి ముగించండి.

మెలమైన్ మీద ఎనామెల్ నేరుగా వేస్తే గోటితో గీకినా పొరలుగా లేస్తుంది. 220 నంబరు ఎమరీ పేపరుతో నిగనిగ పోయేదాకా మాత్రమే రుద్దాలి. కింద కాగితం చిరిగి పొట్టు కనిపించేదాకా రుద్దితే ఆ చోటు ఎప్పటికీ గరుకుగానే ఉంటుంది. రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, పని ఆరుబయట చేయండి, ఆ దుమ్ములో కలప పొట్టే కాదు, జిగురు కూడా ఉంటుంది. తర్వాత నున్నటి పలకలకు పట్టే ప్రైమర్ ఒక పూత, నురుగు రోలరుతో పల్చటి రంగు రెండు పూతలు, ప్రతి పూతకూ మధ్య ఒక రోజు. తాకితే ఆరినట్టే ఉన్నా, రంగు పూర్తిగా గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతదాకా అరల మీద బరువులు పెడితే అవి అంటుకుని, తీసినప్పుడు రంగుతో సహా వస్తాయి.

పిడుల విషయంలో నాకు ఉదయగిరి చెక్క గరిటెల మీద మక్కువ. అక్కడి చేతిపనివారు చుట్టుపక్కల అడవి కలపతో గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు, కాడల మీద ఉలితో పువ్వులు, మెలికలు తీస్తారు. కొంచెం మందమైన కాడ ఉన్న గరిటెను ఎంచుకుని, కాడ మీద రెండు చోట్ల వెనక నుంచి సగం మందం మేరకే రంధ్రాలు చేసి, సొరుగు ముఖానికీ కాడకూ మధ్య వేలు దూరేంత ఎత్తుగల చెక్క బిళ్ళలు పెట్టి, సొరుగు లోపలి నుంచి మరలు బిగించాను. మర పొడవును ముందుగా కొలవకపోతే మొన కాడను చీల్చుకుని బయటికి వస్తుంది. కొబ్బరినూనె రాసిన గుడ్డతో నెలకొకసారి తుడిస్తే ఆ కాడ రంగు తేరి, చేతి వాడుకకు నునుపెక్కుతుంది.

అంచు చిరిగి కట్టడానికి పనికిరాని వెంకటగిరి చీర ఇంట్లో ఉంటే, దాని బుటాలున్న భాగాన్ని చెప్పుల స్టాండు తలుపులకు వాడవచ్చు. తలుపు పలక మధ్య భాగాన్ని కోయించి, చుట్టూ 2 అంగుళాల చట్రం మిగిల్చి, కోసిన అంచులకు పైన చెప్పిన వార్నిష్ పట్టించి, వెనక నుంచి బట్టను సాగదీసి స్టేపుల్ చేయాలి. చెప్పుల వాసన నిలవకుండా గాలి ఆడాలంటే బట్టకంటే తుంగచాప ముక్క మేలు.

గోడకు కట్టడం

నిలువెత్తు అరలు, సొరుగుల బల్లలు గోడకు బిగించి తీరాలి. పిల్లలు సొరుగులను మెట్లుగా చేసుకుని ఎక్కుతారు, ఆ క్షణంలో బరువు మొత్తం ముందుకు వస్తుంది. అమెరికాలో ఇలా తిరగబడి పసిపిల్లలు మరణించిన తర్వాత, 2016 జూన్‌లో ఐకియా అక్కడ 2 కోట్ల 90 లక్షల సొరుగుల బల్లలను వెనక్కి పిలిచింది. మన ఇటుక గోడలో పూత మందం దాటి ఇటుకలోకి దిగేలా 2 అంగుళాల లోతు రంధ్రం చేసి, మరను పట్టి ఉంచే ప్లగ్గు వేసి, ఎల్ ఆకారపు క్లాంపుతో పై అరను పట్టించండి. రాళ్ళ పీఠం మీదో కాళ్ళ మీదో ఎత్తిన అరకు ఇది రెట్టింపు అవసరం.

ఇప్పటికే ఉబ్బిన దాన్ని ఏం చేయాలి

నా పసుపు రంగు అరను పారేయలేదు. ఉబ్బు ఎక్కడిదాకా ఎక్కిందో వేలితో నొక్కి చూసి, దానికి 2 అంగుళాల పైన గీత గీశాను. గీత వెంబడి టేపు అతికించి, కత్తితో మెలమైన్ పొరను ముందుగా తెంపి, సన్నపళ్ళ రంపంతో కోస్తే అంచు పెచ్చులూడకుండా వచ్చింది. కోసిన అంచుకు మూడు పూతల వార్నిష్ వేసి, అడుగు పలకను కొత్త ప్లైవుడ్ ముక్కతో మార్చి, 4 అంగుళాల గ్రానైట్ పీఠం మీద పెట్టాను. అర మునుపటికంటే ఒక్క అంగుళమే పొట్టిదైంది. ఏటా వినాయకచవితి ఇల్లు సర్దే పనిలో దాన్ని ఒకసారి పక్కకు వాల్చి, అడుగు అంచంతా వేలితో తడిమి చూస్తాను. పోయిన ఏడాది ఒక మూల గరుకుగా తగిలితే, వానలు రాకముందే అక్కడికి ఒక పూత వేశాను.